దిబ్బమట్టికి ఆధారం

మా కాలేజీ గేటుకి ఎదురుగా ఒక జిరాక్సు షాపు ఉంది. ఏలూరులో చరిత్ర పరిశోధన అంతా అక్కడే జరుగుతుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు కౌంటరు ముందు నిలబడి, "కొల్లేరు మీద ఏవన్నా ఉన్నాయాండీ?" అని అడుగుతారు. షాపాయన కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే, "ఉన్నాయండి. నలభై పేజీలదీ ఉంది, అరవై పేజీలదీ ఉంది. మీ గైడెవరండీ?" అంటాడు. గైడు ఎవరో చెబితే ఆయనకి ఎంత లావు ప్రాజెక్టు కావాలో, రంగు బొమ్మలు పెట్టాలో అక్కర్లేదో అతనే చెప్పేస్తాడు. నా సంగతి వచ్చినప్పుడు మాత్రం, "ఆ సారు చివరి పేజీలు చదువుతారండీ, కాస్త చూసుకోండి" అంటాడట. ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో నేను సంపాదించుకున్న పేరు అదీ.

చివరి పేజీల్లో ఉండేవి ఆధారాలు. ఏ సంగతి ఎక్కడినుంచి తెచ్చారో చెప్పుకోవాల్సిన చోటు. ఆ పేజీలు చదివినప్పుడల్లా నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చేవి. ఒకడు "ఆధారం: నెట్" అని రాసి ఊరుకున్నాడు. ఉత్తరం మీద అడ్రసు రాయమంటే "ఇండియా" అని రాసినట్టు. ఒకామె ద్వారకా తిరుమల కొండ కింద దుకాణంలో దొరికే చిన్న పుస్తకాన్ని వేంగి రాజుల శాసనంగా చూపించింది. ఇంకో మహానుభావుడు పెదవేగి తవ్వకాల గురించి రాస్తూ ఆయిల్ పామ్ తోట ఫొటో అంటించాడు. ఇదేమిట్రా అంటే, "పెదవేగి అని కొడితే అదే వచ్చిందండీ" అన్నాడు. ట్రాక్టరు మీద కూర్చున్న మనిషిని మాత్రం దయతలచి కత్తిరించేశాడు.

ప్రతి ఏడూ మొదటి క్లాసులోనే చెబుతాను. ఒక సంగతి జరిగినప్పుడు అక్కడ ఉన్నవాడు వదిలివెళ్లిన కాగితమే అసలు ఆధారం, తర్వాత వచ్చినవాడు రాసింది వాడి అభిప్రాయం అని. నా చదువు రోజుల్లో అలాంటి కాగితం ఒకటి చూడాలంటే హైదరాబాదు వెళ్లి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని, గుమాస్తా భోజనం ముగించి వచ్చేదాకా కాపలా కాయాల్సి వచ్చేది. ఇప్పుడు పాత జిల్లా నివేదికలు, జనాభా లెక్కలు, కాలవల ఇంజనీర్ల రిపోర్టులు, ఏనాటివో పత్రికలు, అన్నీ స్కాను చేసి నెట్‌లో పెట్టారు. టిక్కెట్టు లేదు, గుమాస్తా లేడు. మంచం మీద పడుకుని ఫోనులో చూడొచ్చు. ఒక్కరూ చూడరు. వీడియోలో ఎవడో చేతులు తిప్పుతూ చెప్పింది చూస్తారు, దాన్ని పక్కవాడికి పంపిస్తారు, పక్కవాడు ప్రాజెక్టులో పెడతాడు. దానికి పరిశోధన అని పేరుపెట్టి మా చేత సంతకాలు చేయిస్తారు.

అందుకని నేను రెండు నిబంధనలు పెట్టాను. అసలు కాగితం చూపించకుండా ఏ మాటా రాయకూడదు. నోటిమాట చెల్లదు. "మా తాతయ్య చెప్పాడు", "మా ఊళ్లో అంటారు" అని రాసిన పేజీని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసేవాణ్ణి. అలా కొట్టేయడంలో నాకు సరదా ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

మూడేళ్ల కిందట ఒక అమ్మాయి నా దగ్గర ప్రాజెక్టుకి చేరింది. కొల్లేటి లంక గ్రామం పిల్ల. రోజూ ఆటో ఎక్కి, బస్సు మారి ఏలూరు వచ్చేది. క్లాసులో నోరు విప్పేది కాదు. ఒకరోజు స్టాఫ్ రూము తలుపు దగ్గరే నిలబడి, "సారండీ, నేను దిబ్బమట్టి ఆచారం మీద రాస్తానండీ" అంది.

ఆ ఆచారం సంగతి మా వైపు వినని వాళ్లు లేరు. లంక గ్రామాలు చుట్టూ నీళ్ల మధ్య, ఎత్తు చేసిన మట్టి దిబ్బల మీద ఉంటాయి. ఆడపిల్లకి పెళ్లిచేసి పంపేటప్పుడు తల్లి పుట్టింటి దిబ్బనుంచి పిడికెడు మట్టి తీసి, పిల్ల ఒడిలో పెట్టి, దోనె ఎక్కిస్తుందట. అత్తవారి ఊరు చేరగానే పిల్ల ఆ మట్టిని అక్కడి దిబ్బలో కలుపుతుందట. ఇప్పుడు దోనెలు పోయి కార్లు వచ్చాయి కానీ, ఇత్తడి చెంబులో మట్టి పట్టుకుని పెళ్లికూతుళ్లు ఫొటోలు దిగుతూనే ఉన్నారు. టీవీలో చూపించారు, పేపర్లో రాశారు. నేనూ ఏటా క్లాసులో చెప్పేవాణ్ణి. తల్లి మట్టి తీసే దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గించేవాణ్ణి కూడా.

"మంచిదే. అందరూ చెప్పింది కాకుండా నువ్వేం చెబుతావు?" అన్నాను.

"అది నిజం కాదేమోనని నా అనుమానమండీ."

"ఎవరన్నారు?"

"మా మామ్మండీ. మా నాన్నగారి అమ్మండీ. తన చిన్నతనంలో అలాంటిదేం లేదంటందండీ."

నేను నవ్వాను. పక్క కుర్చీల్లో ఉన్న లెక్చరర్లూ నవ్వారు. నోటిమాట చెల్లదని ఎన్నిసార్లు చెప్పానమ్మా, పెద్దావిడ మరిచిపోయి ఉంటుంది, కాగితం తీసుకురా అన్నాను. ఆ అమ్మాయి, "లేనిదానికి కాగితం ఎలా తేవాలండీ?" అంది. మంచి ప్రశ్నలంటే నాకిష్టమని అందరితో చెప్పుకుంటాను. ఆ పూట మాత్రం విసుగేసింది. "ఉందని చెప్పినవాళ్లు ఎక్కడినుంచి తెచ్చారో పట్టుకో. వాళ్లు ఎవర్ని చూసి రాశారో వాళ్లని పట్టుకో. అలా వెనక్కి పోతే అసలుది దొరుకుతుంది, మీ మామ్మ అనుమానం తీరుతుంది" అని పంపేశాను. ఆ సలహా ఇచ్చింది మరెవరో కాదు, నేనే.

మా కంప్యూటర్ ల్యాబులో ఉన్న మిషన్లలో నాలుగే పనిచేస్తాయి. అందులో ఒకటి ప్రిన్సిపాల్ గారి రైలు టిక్కెట్లకి. మిగిలినవాటిలో ఒకదాని ముందు ఆ అమ్మాయి రెండు నెలలపాటు మధ్యాహ్నం క్యారేజీ విప్పింది. పాత నివేదికలు ఒక్కొక్క పేజీ తిప్పింది. పురుగులు తిన్న మూలలు, మసకబారిన అచ్చు, ఆ కాలపు ఇంగ్లీషు. అర్థంకాని మాటలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుని వచ్చి అడిగేది. "సారండీ, వీటిల్లో దోనెల లెక్కుందండీ. గేదెల లెక్కుందండీ. ఏ కాలంలో ఏ పిట్టలొస్తాయో కూడా రాశారండీ. పెళ్లిళ్ల గురించీ ఉందండీ. మట్టి మాత్రం లేదండీ."

"దొరలకి ఆడవాళ్ల తంతులు ఎవరు చెబుతారమ్మా? సరిగ్గా వెతుకు" అనేవాణ్ణి. నాకు వెతకడం చేతకాలేదని ఒప్పుకోవడం కంటే ఆ పిల్లకి చేతకాలేదనడం తేలిక. నిజానికి ఆ నివేదికలు నెట్‌లో ఉన్నాయని చెప్పడమే తప్ప వాటిని నేనూ పూర్తిగా తిప్పలేదు.

ఆ తర్వాత నేను చెప్పినట్టే వెనక్కి నడిచింది. టీవీ వాళ్లు ఒక బ్లాగు చూసి చేశారు. బ్లాగు రాసినాయన పేపరు ఆదివారం సంచిక చూసి రాశాడు. పేపరాయన ఒక పరిశోధన గ్రంథం చూశాడు. ఆ గ్రంథం రాసి డాక్టరేటు పుచ్చుకున్న పెద్దమనిషి, పేజీ కింద చిన్న అక్షరాల్లో మా కాలేజీ రజతోత్సవ సావనీరు పేరు ఇచ్చాడు. ఇందులో ఒక్కరంటే ఒక్కరు కొల్లేట్లో ఎవర్నీ అడగలేదు. సావనీరు కూడా నెట్‌లోనే దొరికింది. ఎవరో గ్రాంటు ఇస్తే మా లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలన్నీ వంకరటింకరగా స్కాను చేసి ఎక్కించారు. రెండు పేజీలకొకసారి మూల అటెండరు బొటనవేలు కనిపిస్తుంది.

ఒక శుక్రవారం ఆ పేజీ ప్రింటు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. బొటనవేలు పక్కన వ్యాసం పేరు. దానికింద నా పేరు. పక్కన ఒత్తు మీసాలతో నా ఫొటో.

ఆ పేరా నేను రాశానని ఆ క్షణం దాకా నాకు జ్ఞాపకమే లేదు. ఇన్నేళ్లూ అందరి నోటా విని, పేపర్లో చదివి నేనూ నమ్మేశాను. పిల్లలు నెట్‌లో చూసింది నమ్ముతారని తిట్టిపోసే మనిషిని, నేను రాసిన అబద్ధాన్ని నేనే పాఠంగా చెబుతూ వచ్చాను.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. సావనీరు తాడేపల్లిగూడెంలో ఒక ప్రెస్సులో వేయించాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్త కాబట్టి ప్రూఫులు దిద్దే పని నాకు అంటగట్టారు. ఆ ప్రెస్సు ఒక ఉల్లిపాయల గోడౌనుకి ఆనుకుని ఉండేది. మిషనెక్కించే ముందు ప్రెస్సాయన, "మీ కొల్లేరు వ్యాసం అర పేజీ తక్కువొచ్చిందండీ. ఖాళీ వదిలెయ్యమంటారా, పువ్వు బొమ్మ వేసెయ్యమంటారా?" అని అడిగాడు. నా మొదటి వ్యాసం కింద పువ్వు ఉండటం నాకు నామోషీ అనిపించింది. పది నిమిషాలు ఆగమని, స్టూలు మీద కూర్చుని, పాడైపోయిన ప్రూఫు కాగితం వెనక ఆ పేరా రాసిచ్చాను. ఉల్లిపాయల ఘాటుకి కళ్లు మండుతున్నాయి. చదివి ప్రెస్సాయన "భలే ఉందండీ" అన్నాడు. అప్పటికి నేను కొల్లేరుని చూసింది కైకలూరుకీ ఆకివీడుకీ మధ్య రైలు కిటికీలోంచి మాత్రమే.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు.

"పెద్దవాళ్లు చెప్పగా విన్నానమ్మా."

"ఏ ఊరి పెద్దలండీ? చెబితే వెళ్లి అడుగుతానండీ."

"ఎప్పటి మాట! ఇప్పుడు ఎవరుంటారు?"

"నోటిమాటైతే చెల్లదు కదండీ" అంది. వెటకారంగా కాదు, నిజంగానే సందేహం వచ్చి అడిగింది. నాకు మాత్రం వెటకారమే వినిపించింది.

తన ప్రాజెక్టు ఆఖరి పేజీ తీసి చూపించింది. టీవీ, బ్లాగు, పేపరు, గ్రంథం, సావనీరు, అన్నీ వరసగా రాసింది. సావనీరు దగ్గర వ్యాసకర్త పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలింది. "మీ పేరు రాయమంటారా, వద్దంటారాండీ? మీరెలా చెబితే అలాగేనండీ" అంది.

ఆ ఖాళీ చూస్తే నాకు ఒళ్లు మండింది. ఈ పిల్ల నా పరువు కాపాడుతోందా అనిపించింది. గొంతు పెంచాను. గైడునే తప్పుపట్టే ప్రాజెక్టు మీద గైడు సంతకం ఎలా పెడతాడు? ఆ అధ్యాయం తీసేసి పెళ్లిపాటలో మరొకటో రాసుకురా, లేకపోతే నీ ఇష్టం అన్నాను. సోమవారం ప్రాజెక్టులు ఇవ్వడానికి ఆఖరి రోజు. నా సంతకం లేనిదే ప్రాజెక్టు తీసుకోరు. ప్రాజెక్టు లేనిదే డిగ్రీ రాదు. డిగ్రీ లేకపోతే ఎంట్రన్సు రాసి తెచ్చుకున్న ఎమ్మే సీటు ఆ ఏటికి పోయినట్టే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంది. "తియ్యలేనండీ. చూసింది రాయొద్దంటే ఇంకేం రాస్తామండీ" అని వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నే నేను వాళ్ల లంకకి బయల్దేరాను. మంచిబుద్ధి పుట్టి కాదు. నా మాట నిజమే అనే ముసలివాళ్లు ఒక్కరైనా దొరక్కపోతారా, దొరికితే సోమవారం ఈ పిల్ల నోరు మూయించొచ్చు అని. కైకలూరు బస్సులో సగం దారి పోయి, అక్కడినుంచి చేపల చెరువుల గట్ల మీద ఆటోలో వెళ్లాను. రెండు వైపులా చెరువులు, మేత బస్తాలు, వలలు ఆరేసిన కర్రలు. ఇంటినుంచి గంటన్నర కూడా పట్టలేదు. కొల్లేరు మీద అన్నేళ్లు పాఠాలు చెప్పిన వాణ్ణి, లంకలో కాలు పెట్టడం అదే మొదలు.

రోడ్డు మీద టీకొట్టు దగ్గర ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. దిబ్బమట్టి ఆచారం ఉందాండీ అని అడిగాను. "ఎందుకు లేదండీ! టీవీలో కూడా చూపించారు కదండీ" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. టీవీలో రాకముందు కూడా ఉండేదాండీ అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఏమోనండీ, అప్పుడంత పట్టించుకోలేదండీ" అన్నారు. జిరాక్సు షాపు ఇక్కడిదాకా వచ్చేసిందన్నమాట అనుకున్నాను. తెరిచింది నేనే అని మాత్రం అనుకోబుద్ధి కాలేదు.

ఆ అమ్మాయి ఇల్లు వాళ్లే చూపించారు. అరుగు మీద ఒక ముసలావిడ చేటలో ఎండుచేపలు ఏరుతోంది. అమ్మాయి లోపల్నుంచి వచ్చి నన్ను చూసి కంగారుపడిపోయి, "మామ్మా, మా సారు" అంది. ముసలావిడ చేట పక్కన పెట్టి, కుర్చీ తెమ్మంది. నేను మట్టి సంగతి అడిగాను.

"మట్టా?" అంది. "మట్టెవరు పెడతారండీ బాబూ! వరదొచ్చిందంటే దిబ్బ అంచులన్నీ కోసుకుపోయేయండి. మళ్లీ ఎండాకాలం ఇంటికిన్ని గంపలని లెక్కేసి, కొల్లేటి అడుగునున్న మట్టి తవ్వి ఊరంతా మోసేవోళ్లం. కడుపుతో ఉన్నా మోసేవోళ్లమండీ. మోసీ మోసీ ఈ మెడ ఇలాగైపోయింది, చూడండి. పిడికెడు మట్టి ఊరు దాటిస్తే మా మావగారు ఊరుకునేవోరేంటండీ? కాళ్లకంటిన బురద కూడా దిబ్బ మీదే కడుక్కోమనేవోరు."

"మరి ఆడపిల్లకి ఏం పెట్టి పంపేవారండీ?" అన్నాను.

"కొత్త గంప పెట్టేవోళ్లమండీ. అత్తారి దిబ్బకి మొయ్యద్దా మరి?"

తల కొట్టేసినట్టయింది. తడిమట్టి గంపలు నెత్తిన పెట్టుకుని మెడలు వంగిపోయిన ఆడవాళ్ల మీద, అర పేజీ ఖాళీ నింపడానికి నేను ముచ్చటగా ఒక కథ అల్లాను. అసలు సంగతి గంటన్నర దూరంలో, అడిగితే చెప్పే మనిషి నోట్లో ఉంది. దాన్నే నేను నోటిమాట అని ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ వచ్చాను. ముసలావిడ మజ్జిగ ఇచ్చింది. తాగాను.

సోమవారం ఆ అమ్మాయి వచ్చింది. సంతకం పెట్టాను. ఆఖరి పేజీలో ఖాళీ వదిలిన చోట నా పేరు నేనే రాశాను. "ఆ పేరా నేను కల్పించి రాశానమ్మా. అలాగే పెట్టుకో" అన్నాను.

ఆ అమ్మాయి కదల్లేదు.

"ఏమ్మా?"

"రాసిచ్చెయ్యండి సారండీ. నోటిమాట చెల్లదు కదండీ."

స్టాఫ్ రూములో అందరూ వింటున్నారు. తెల్లకాగితం తీసి రాశాను. ఎక్కడ రాశాను, ఎందుకు రాశాను, ఉల్లిపాయల గోడౌను, ప్రెస్సాయన, పువ్వు బొమ్మ, అన్నీ. సంతకం చేసి తేదీ వేసి ఇచ్చాను. నిలబడే చదివింది. నేను పిల్లల కాగితాలు చదివేటప్పుడు వాళ్లు ఎలా నిలబడతారో అప్పుడు నాకు తెలిసింది. "అప్పటికి మీరు మా లంకకి రాలేదన్న సంగతి లేదండీ" అంది. తీసుకుని అదీ రాశాను.

అప్పటికే వాళ్ల మామ్మ చెప్పిందంతా రాసి, వేలిముద్ర వేయించి తెచ్చుకుంది. దాన్ని మొదటి అనుబంధంగా, నా ఉత్తరాన్ని రెండో అనుబంధంగా పెట్టింది. రెండింటినీ తిన్నగా స్కాను చేసి, సావనీరు ఉన్న చోటే నెట్‌లో ఎక్కించింది. ఎందుకమ్మా అంటే, "నాలాగా ఇంకెవరైనా వెతుకుతారు కదండీ" అంది. ప్రాజెక్టుకి మంచి మార్కులు వచ్చాయి. సీటు నిలబడింది, వెళ్లి ఎమ్మేలో చేరింది.

తర్వాతి ఏడు ఏదో ఫారం కాపీ తీయించుకోవడానికి జిరాక్సు షాపుకి వెళ్లాను. కౌంటరు మీద స్పైరల్ బైండింగు పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. "కొల్లేరు మీద కొత్తది వచ్చిందండీ, బాగా అడుగుతున్నారు" అన్నాడు షాపాయన. పైదాన్ని తిప్పి చూశాను. ఆ అమ్మాయిదే. వెనక అనుబంధాలు రెండూ లేవు.

"చేతిరాత కాగితాలండీ, ప్రింటు నీటుగా రావట్లేదని తీసేశాం" అన్నాడు. "ఆచారం లేదని ఒక అధ్యాయం ఉంటే అది కూడా కాస్త మార్చామండీ. పిల్లలందరూ ఉందనే అడుగుతున్నారండీ."

తిట్టాను. గట్టిగానే తిట్టాను. ఆయన వినయంగా "అలాగేనండీ" అన్నాడు. మార్చి ఉండడు. ఇత్తడి చెంబుల ఫొటోలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. నెట్‌లో సావనీరుని చూసినవాళ్ల లెక్క వేలల్లో ఉంది. నా ఉత్తరం కింద రెండు అని ఉంది. అందులో ఒకటి నేను.

మొన్న సెలవుల్లో ఆ అమ్మాయి కాలేజీకి వచ్చినప్పుడు ఆ రెండో మనిషి నువ్వేనా అని అడిగాను. "అవునండీ. మా మామ్మకి ఫోనులోంచి చదివి వినిపించానండీ. మొత్తం విందండీ" అంది.

"ఏమంది?"



"ఒక్క గంప మోసుంటే అలా రాసేవోరు కాదులే అందండీ."